సోమ, బుధ, శుక్ర

తెల్లారగట్ల నాలుగున్నరకి ప్లగ్గు పీకుతాను.
నూరు, అంటుంది తెర.
అబద్ధం కాదు, నూరంటే నూరే.
ఆ నూరే ఏటికేడు చిన్నదవుతోంది.

విశాఖలో ఏదో ఆఫీసువాళ్లు తిప్పి తిప్పి వదిలేసిన బండి.
కొత్తలో నూటముప్ఫై పోయేదట.
నా చేతికొచ్చిన యేడు నూటపద్నాలుగు.
ఇప్పుడు ఎనభై ఎనిమిది.
కవిటి నుంచి పలాస, పలాస నుంచి కవిటి
తొంభై రెండు.
ఆ తక్కువైన నాలుగూ
ఆస్పత్రి పక్క టీకొట్టు వెనక
పదిహేను ఆంపుల ప్లగ్గులో ఉంటాయి.

అద్దం కింద నా నోటుబుక్కు.
తేదీ, ఎక్కినవాళ్లు, గాలి ఎటు, ఎన్ని మిగిలాయి.
వైశాఖంలో ఏసీ వేస్తే ఎనిమిది పోతాయి.
సముద్రం గాలి ఎదురైతే ఐదు.
డెబ్బై దాటి తొక్కితే
లెక్క నాది కాదు, దానిది.

వెనక సీట్లో కొబ్బరి దింపుల పోలారావు,
ఎడంచేతి మీద తువ్వాలు కప్పుకుని.
పక్కన అంగన్‌వాడీ బృందావతక్క, నిద్రలో.
ముందు సీటు దుర్యోధన తాతది.

"ఎంతున్నాదే ఓలమ్మీ?"
"డెబ్బై ఎనిమిది, తాతా."
"నాకంటే నయం.
నాకు ఎనిమిదే అన్నాడు డాక్టరు,
రెండు కిడ్నీలూ కలిపి."

ఎనభై దగ్గర ఆపు, ఇరవై కిందికి దిగనీకు,
పది కాలాలు బతుకుతుందన్నాడు మెకానిక్కు.
తాతకి చెబితే పళ్లు లేని నోటితో ఒకటే నవ్వు.
"నాకూ అదే కదేటి! రోజుకి అరలీటరు నీళ్లు.
నిండా తాగితే ఓ బాద, తాగకపోతే ఓ బాద.
మద్దిలోనే బతకాల, నీ బండీ నానూ."
నాకు మధ్యలో కుదరదు.
పలాస ఎనభైకి అందదు.

వాళ్లు లోపల నాలుగు గంటలు,
బండి బయట నాలుగు గంటలు.
టీకొట్టాయన మీటరు చూసి డబ్బులు తీసుకుంటాడు,
టీకి మాత్రం తీసుకోడు.

శ్రావణంలో ఒక బుధవారం కరెంటు పోయింది.
ఆస్పత్రికి జనరేటరుంది. నాకు లేదు.
బయల్దేరేటప్పటికి యాభై.
వెళ్లాల్సింది నలభై ఆరు. పైన వాన.
ఫ్యాను ఆపేశాను, పాట ఆపేశాను,
లారీలన్నీ తిట్టుకుంటూ దాటిపోతుంటే
నలభైలో, ఎడమ అంచున.
హరిపురం దాటాక ఎవరూ మాట్లాడలేదు,
మాటకి కూడా ఛార్జి అవుతుందేమోనన్నట్టు.
జీడితోటలు తడుస్తున్నాయి.
వంతెన దిగుడులో కాలు తీసేశాను.
తెర మీద ఒక అంకె పెరిగింది.
పోలారావు చప్పట్లు కొట్టాడు.
"సూసినావా," అన్నాడు తాత,
"దిగినపుడు కూడా కాసింత తిరిగిస్తాది."
ఆ రాత్రి ఇంటి ముందు ఆగేసరికి మూడు.
పుస్తకంలో మూడు కింద రెండు గీతలు గీశాను.

మొన్న సోమవారం
బృందావతక్క వెనకే కూర్చుంది, పోలారావు పక్కన.
ముందు బెల్టు ఎవరూ పెట్టుకోలేదు.
పెట్టుకోలేదని బండీ అరవలేదు.
దానికి తెలుసు, అక్కడ బరువు లేదని.

అదే రోడ్డు. ఎండ లేదు, గాలి లేదు.
టీకొట్టాయన నాలుగు గ్లాసులు పెట్టి
ఒకటి వెనక్కి తీశాడు.
రోజూ ముప్ఫై ఐదు మిగిలే చోట
ముప్ఫై ఎనిమిది మిగిలాయి.

తేదీ రాశాను.
ఎక్కినవాళ్లు ఇద్దరు, అని రాశాను.
గాలి లేదు, అని రాశాను.
ఆ పక్క గడి దగ్గర
పెన్ను కాసేపు పట్టుకుని కూర్చుని
మూత పెట్టేశాను.

బుధవారం ఉంది.
ప్లగ్గు పెట్టాలి.